కారు సెల్ఫ్ తీసుకోవట్లేదా? బ్యాటరీ మార్చే ముందు ఆ శబ్దం ఒక్కసారి వినండి.. లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది!

తెల్లవారుజామున 4 గంటలు. ఇంట్లో పెద్దాయనకు ఛాతీలో నొప్పి. కొడుకు పరుగున వెళ్లి కారులో కూర్చుని తాళం తిప్పాడు. 'టక్' మని ఒక్క శబ్దం.. అంతే. మళ్లీ తిప్పినా అదే 'టక్'. ఇలాంటప్పుడు బానెట్ ఎత్తి కూర్చోకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆ తర్వాత తీరిగ్గా ఆలోచించాల్సింది ఒకటుంది. ఆ కారు అంతకుముందు వారం రోజులుగా ఏదో ఒక రూపంలో హెచ్చరిస్తూనే ఉండి ఉంటుంది. వినేవాళ్లే లేరు.

మారుతి 800, ఆల్టో, శాంత్రో, ఇండికా.. 15 ఏళ్లు దాటినా రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని నడుపుకుంటున్న ఇళ్లు తెలుగు రాష్ట్రాల్లో చాలానే ఉన్నాయి. ఈ పాత కార్లు మొరాయిస్తే ఎక్కువ మంది చేసే మొదటి పని బ్యాటరీ మార్చేయడం. నాలుగైదు వేలు పోతాయి. కొత్త బ్యాటరీతో కారు నాలుగు రోజులు బాగానే తిరుగుతుంది. తర్వాత మళ్లీ అదే 'టక్'! ఎందుకంటే చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు. తుప్పు పట్టిన టెర్మినల్‌ది, కుళ్లిన ఎర్త్ వైరుది, లేదంటే అరిగిపోయిన సెల్ఫ్ మోటార్‌ది. ఏది ఎలా కనిపెట్టాలో ఇప్పుడు చూద్దాం.

తిరగకపోవడం వేరు.. అందుకోకపోవడం వేరు

ముందుగా ఒక తేడా అర్థం చేసుకోవాలి. తాళం తిప్పినప్పుడు ఇంజిన్ 'రుయ్.. రుయ్..' మని తిరుగుతోంది కానీ స్టార్ట్ అందుకోవట్లేదంటే.. సెల్ఫ్ బాగానే పనిచేస్తున్నట్టు. అప్పుడు పెట్రోల్ వస్తోందా, ప్లగ్‌లో స్పార్క్ పడుతోందా అని చూడాలి. అసలు ఇంజిన్ తిరగనే లేదంటే పెట్రోల్ పంపు, ప్లగ్గులు, కార్బ్యురేటర్ జోలికి వెళ్లాల్సిన పనే లేదు. లోపం బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటార్ దాకా ఉన్న దారిలోనే ఎక్కడో ఉంటుంది. లేదంటే ఇంజినే పట్టేసి ఉంటుంది.

మెకానిక్‌కు ఫోన్ చేసినప్పుడు కూడా 'కారు స్టార్ట్ అవ్వట్లేదు' అని కాకుండా 'ఇంజిన్ తిరగట్లేదు, సెల్ఫ్ తీసుకోవట్లేదు' అని చెబితే సగం పని అయిపోయినట్టే.

తాళం తిప్పితే లోపల ఏం జరుగుతుంది?

ఒకప్పుడు కారు స్టార్ట్ చేయాలంటే ముందు వైపు ఇనుప హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాల్సిందే. అది ఎదురు తన్ని చేతులు విరిగిన వాళ్లు ఎందరో. అమెరికన్ ఇంజినీర్ చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 మోడల్ క్యాడిలాక్ కారులో వచ్చాక ఆ బాధ తప్పింది. మన అంబాసిడర్‌కు మాత్రం అవసరానికి పనికొస్తుందని ఆ హ్యాండిల్ సౌకర్యం చాలాకాలం ఉండేది.

సెల్ఫ్ పనితీరు తేలికే. తాళం తిప్పగానే ఇగ్నీషన్ స్విచ్ నుంచి ఒక సన్న వైరు ద్వారా కొద్దిపాటి కరెంటు సొలెనాయిడ్‌కు వెళ్తుంది. ఇది సెల్ఫ్ మోటార్ మీద ఉండే చిన్న గొట్టం లాంటి భాగం. అది ఒకేసారి రెండు పనులు చేస్తుంది. మోటార్ ముందున్న చిన్న పళ్ల చక్రాన్ని తోసి ఇంజిన్ ఫ్లైవీల్ పళ్లకు తగిలిస్తుంది. బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబుల్‌ను మోటార్‌కు కలుపుతుంది. 'టక్' మని వినిపించేది ఈ సొలెనాయిడ్ శబ్దమే. అప్పుడు మోటార్ తిరిగి, ఇంజిన్‌ను తిప్పుతుంది. కరెంటు ఇంజిన్ బాడీ నుంచి ఎర్త్ వైరు ద్వారా తిరిగి బ్యాటరీకి చేరుతుంది.

బ్యాటరీ, టెర్మినల్స్, స్విచ్, సొలెనాయిడ్, మోటార్, ఎర్త్.. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె బలహీనమైనా ఇంజిన్ తిరగదు.

ముందు లోపలి లైట్ చూడండి

పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. కారు లోపల రూఫ్ లైట్ వేసి, దాన్నే చూస్తూ తాళం తిప్పండి. హెడ్‌లైట్లు వద్దు, కొన్ని కార్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు అవి వాటంతటవే ఆగిపోతాయి.

లైట్ మొదటి నుంచే గుడ్డిగా ఉంటే బ్యాటరీలో చార్జ్ లేనట్టు. తాళం తిప్పగానే బాగా మందగిస్తే బ్యాటరీ బలహీనంగా ఉండొచ్చు, లేదా మోటారో ఇంజినో పట్టేసి కరెంటును విపరీతంగా లాగేస్తూ ఉండొచ్చు. లైట్ పూర్తిగా ఆరిపోయి, తాళం వదిలిన కాసేపటికి మళ్లీ వెలిగిందా? బ్యాటరీ టెర్మినల్ లూజుగా ఉందేమో ముందు చూడాలి. ఇక తాళం తిప్పినా లైట్ ఏమాత్రం చలించకుండా అదే వెలుగుతో ఉంటే.. కరెంటు అసలు మోటార్ దాకా వెళ్లనే లేదని అర్థం.

ఏ శబ్దానికి ఏ అర్థం?

'టక టక టక టక' అని వరుసగా: చాలావరకు బ్యాటరీ చార్జ్ తక్కువగా ఉన్నట్టు, లేదా టెర్మినల్ పట్టు సరిగ్గా లేనట్టు. సొలెనాయిడ్ లాగుతుంది, మోటార్‌కు కరెంటు కలపగానే వోల్టేజ్ పడిపోతుంది, సొలెనాయిడ్ వదిలేస్తుంది. వోల్టేజ్ మళ్లీ లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఆ ఆటే ఈ శబ్దం.

ఒకే ఒక్క 'టక్': సొలెనాయిడ్ పనిచేసింది, మోటార్ తిరగలేదు. సొలెనాయిడ్ లోపలి కాంటాక్ట్‌లు కాలిపోవడం, మోటార్‌లో కార్బన్ బ్రష్‌లు అరగడం, ఇంజిన్ ఎర్త్ పోవడం, ఇంజిన్ పట్టేయడం.. వీటిలో ఏదో ఒకటి.

అసలు శబ్దమే లేదు: డ్యాష్‌బోర్డ్ లైట్లు బాగానే ఉన్నా నిశ్శబ్దమే అంటే.. ఇగ్నీషన్ స్విచ్, ఫ్యూజ్, రిలే, సన్న వైరు లేదా సొలెనాయిడ్ కాయిల్ మీద అనుమానం.

నీరసంగా 'ఊం.. ఊం..': బ్యాటరీ బలం తగ్గింది, కనెక్షన్లలో తుప్పు చేరింది లేదా మోటార్ బుష్‌లు అరిగాయి. పూర్తిగా ఆగిపోయే ముందు కారు ఇచ్చే హెచ్చరిక చాలాసార్లు ఇదే. ఈ దశలోనే చూపించేస్తే అర్ధరాత్రి అగచాట్లు ఉండవు.

'జుయ్' మని మోటార్ ఒక్కటే తిరగడం: మోటార్ తిరుగుతోంది కానీ పళ్ల చక్రం ఇంజిన్‌ను అందుకోవట్లేదు. మెకానిక్‌లు దీన్నే 'బెండిక్స్ పోయింది' అంటారు.

'గర గర' మని గీరుకోవడం: పళ్లు అరిగాయి. ఇలాగే కొడుతూ పోతే ఫ్లైవీల్ రింగ్ కూడా పాడవుతుంది. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాల్సిందే. అంటే చిన్న రిపేరు కాస్తా పెద్ద ఖర్చు అవుతుంది.

బ్యాటరీ నిజంగా పోయిందా? మీటర్ చెబుతుంది

ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే మామూలు మల్టీమీటర్ చాలు. కారు ఆపి కొన్ని గంటలు వదిలేశాక బ్యాటరీ రెండు పోల్స్ మధ్య వోల్టేజ్ చూడాలి. 12.6 వోల్టులు ఉంటే ఫుల్ చార్జ్. 12.2 దగ్గర ఉంటే సుమారు సగం. 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ అయినట్టే, ముందు చార్జింగ్ పెట్టించాలి.

అయితే ఇక్కడే చాలామంది పొరబడతారు. 12.6 చూపించినంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఎంత ఉంటుందన్నదే అసలు లెక్క. ఆ సమయంలో 9.6 వోల్టుల కంటే కిందకి పడకూడదు. ఆపినప్పుడు 12.6 చూపించి, తాళం తిప్పగానే 7కో 8కో కూలిపోతే బ్యాటరీ లోపలి ప్లేట్ల పని అయిపోయి ఉండొచ్చు. బ్యాటరీ షాపులో లోడ్ టెస్ట్ చేయిస్తే ఖాయంగా తేలుతుంది.

ఇంజిన్ ఎలాగోలా స్టార్ట్ అయ్యాక కూడా ఒకసారి మీటర్ పెట్టాలి. 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే ఆల్టర్నేటర్, అంటే మన మెకానిక్‌లు డైనమో అనేది, చార్జ్ చేస్తున్నట్టు. 12 దగ్గరే ఉండిపోతే ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా నాలుగు రోజుల ముచ్చటే.

అసలు దొంగ: టెర్మినల్, ఎర్త్

'లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది.. అంటే కనెక్షన్లు బాగున్నట్టే కదా?' అని అడుగుతారు చాలామంది. కాదు. చిన్న లెక్క చూడండి.

రెండు హెడ్‌లైట్లు కలిపి తీసుకునే కరెంటు సుమారు 9 ఆంపియర్లు. చిన్న పెట్రోల్ కారు సెల్ఫ్ మోటార్ తీసుకునేది 100 నుంచి 150 ఆంపియర్లు. డీజిల్ కార్లకు ఇంకా ఎక్కువ. టెర్మినల్ మీద తుప్పు వల్ల 0.02 ఓమ్‌ల అడ్డంకి ఏర్పడిందనుకుందాం. కంటికి కనిపించనంత చిన్న లోపం అది. హెడ్‌లైట్లు వేసినప్పుడు అక్కడ పోయేది 0.18 వోల్టు మాత్రమే. లైట్ల వెలుగులో తేడా కూడా తెలియదు. అదే సెల్ఫ్ కొట్టి 150 ఆంపియర్లు లాగితే ఏకంగా 3 వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి. మోటార్ చేతికి చిక్కేది మిగిలిన కాస్త. అందుకే లైట్లు వెలుగుతాయి, మోటార్ మాత్రం తిరగదు.

కొత్త బ్యాటరీ వేస్తే నాలుగు రోజులు బాగుండటానికి కారణం కూడా ఇదే. బ్యాటరీ మార్చేటప్పుడు మెకానిక్ టెర్మినల్స్ విప్పి, గీకి, బిగిస్తాడు. బాగైంది ఆ గీకుడు వల్ల.. పేరు మాత్రం కొత్త బ్యాటరీకి!

టెర్మినల్స్ మీద తెల్లగానో, పచ్చగానో, నీలంగానో బూజులాంటి పొడి కనిపిస్తే శుభ్రం చేయాల్సిందే. 10 నంబర్ పానాతో చాలా కార్లలో ఇవి ఊడొస్తాయి. ముందు నెగెటివ్ విప్పాలి, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివర నెగెటివ్. ఈ వరుస తప్పితే పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు రావచ్చు. చేతికి ఉంగరాలు, కడియాలు ఉంటే తీసేయాలి. నీళ్లలో వంట సోడా కలిపి టెర్మినల్స్ మీద పోస్తే పొడి కరిగిపోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకుండా జాగ్రత్త పడాలి. తర్వాత తుడిచి, ఆరబెట్టి, ఉప్పుకాగితంతో సీసం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త వాజిలిన్ రాస్తే సరి.

ఇక ఎర్త్. బ్యాటరీ నెగెటివ్ నుంచి బాడీకి ఒకటి, ఇంజిన్‌కు ఒకటి వైరు ఉంటుంది. పాత కార్లలో ఇంజిన్ వైపు ఉన్న వైరు ఆయిల్, బురద, తుప్పు మధ్య ఏళ్ల తరబడి నలిగిపోతుంది. పైకి బాగానే కనిపించినా లోపల రాగి తీగలు పచ్చబడి తెగిపోయి ఉంటాయి. లైట్లకు బాడీ ఎర్త్ సరిపోతుంది కాబట్టి అవి దేదీప్యమానంగా వెలుగుతాయి. ఇంజిన్ ఎర్త్ లేని మోటార్ మాత్రం 'టక్' అని ఊరుకుంటుంది.

దీనికీ తేలికైన పరీక్ష ఉంది. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, జంపర్ కేబుల్ ఒక చివర బ్యాటరీ నెగెటివ్‌కు, రెండో చివర ఇంజిన్ మీద పెయింట్ లేని లోహానికి తగిలించి సెల్ఫ్ కొట్టండి. ఫ్యాన్, బెల్టులకు కేబుల్ దూరంగా ఉండాలి. ఇంజిన్ టక్కున తిరిగిందా? దొంగ దొరికినట్టే. కొన్ని వందల రూపాయల ఎర్త్ వైరు వేస్తే సమస్య తీరుతుంది.

మల్టీమీటర్ ఉంటే ఇంకా కచ్చితంగా చెప్పొచ్చు. ఒకరు సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ పాజిటివ్ పోల్‌కు, మోటార్ మీద లావు కేబుల్ బోల్టుకు మధ్య కొలవాలి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ దారిలో తుప్పు ఉన్నట్టు. నెగెటివ్ పోల్‌కు, ఇంజిన్ లోహానికి మధ్య 0.3 వోల్టు దాటితే ఎర్త్ బాగోనట్టు.

శబ్దమే లేకపోతే ఎక్కడ వెతకాలి?

ఆటోమేటిక్ కారైతే ముందు గేర్ లివర్‌ను పార్క్ నుంచి న్యూట్రల్‌కు మార్చి తాళం తిప్పి చూడాలి. గేర్ పొజిషన్ స్విచ్ అరిగితే పార్క్‌లో సెల్ఫ్ తీసుకోదు, న్యూట్రల్‌లో తీసుకుంటుంది. కొన్ని మాన్యువల్ కార్లలో క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ పనిచేస్తుంది. క్లచ్ స్విచ్ పోయినా, మ్యాట్ అడ్డుపడినా నిశ్శబ్దమే. తాళాన్ని కాస్త అటూ ఇటూ కదిపితే ఒక్కోసారి తీసుకుంటోందంటే ఇగ్నీషన్ స్విచ్ కాంటాక్ట్‌లు అరిగినట్టు.

ఇవేవీ కాకపోతే టెస్ట్ ల్యాంప్ పని. సొలెనాయిడ్‌కు వచ్చే సన్న వైరు దగ్గర ల్యాంప్ పెట్టి తాళం తిప్పాలి. ల్యాంప్ వెలిగితే కరెంటు అక్కడిదాకా వచ్చినట్టే, లోపం సొలెనాయిడ్ లేదా మోటార్‌ది. వెలగకపోతే స్విచ్, ఫ్యూజ్, రిలే, వైరింగ్ చూడాలి. అనవసరంగా మోటార్ విప్పించాల్సిన పని ఉండదు.

కరెంటు సరిగ్గానే వస్తోంది, ఎర్త్ బాగుంది, అయినా మోటార్ తిరగట్లేదంటే అప్పుడే మోటార్‌ను దించాలి. మోటార్ బాడీ మీద పానాతో మెల్లగా రెండు దెబ్బలు వేస్తే ఒక్కోసారి తిరుగుతుంది. ఇరుక్కున్న కార్బన్ బ్రష్‌లు కదలడమే దానికి కారణం. అది ఇంటికి చేరడానికి పనికొచ్చే చిట్కానే, రిపేర్ కాదు. చాలా పాత కార్లలో మోటార్ మొత్తం మార్చనక్కర్లేదు. బ్రష్‌లు, బుష్‌లు, సొలెనాయిడ్ విడిగా దొరుకుతాయి. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ చేతిలో పడితే తక్కువలోనే అయిపోతుంది. స్క్రూ డ్రైవర్‌తో మోటార్ బోల్టులు కలిపి స్టార్ట్ చేయడం లాంటి సాహసాలు మాత్రం వద్దు. కారు గేర్‌లో ఉంటే మీదికి దూకుతుంది.

వరద నీళ్లలో మునిగిందా? తాళం ముట్టుకోవద్దు!

2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడను వరద ముంచెత్తినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో ఉండిపోయాయి. అలాంటి కారు సెల్ఫ్ తీసుకోవట్లేదని పదే పదే కొట్టడం పెద్ద పొరపాటు. గాలి వెళ్లే దారి నుంచి సిలిండర్లలోకి నీళ్లు చేరితే పిస్టన్ వాటిని నొక్కలేదు. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. సర్వీస్‌తో పోయేది ఇంజిన్ పనిదాకా వస్తుంది. బ్యాటరీ నెగెటివ్ విప్పేసి, కారును క్రేన్‌తో గ్యారేజీకి చేర్చడమే మంచిది. అక్కడ ప్లగ్గులు తీసి నీళ్లు బయటకు పంపాకే ఇంజిన్‌ను తిప్పుతారు.

వరద లేకున్నా ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న కారు ఇంజిన్ కూడా పట్టేయొచ్చు. గేర్ న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో తిప్పి చూడాలి. ఇంజిన్ తిరిగితే అది పట్టేయలేదని తేలినట్టే, ఇక సెల్ఫ్ వైపు చూడొచ్చు. కదలకపోతే బలవంతం చేయకుండా మెకానిక్‌కు వదిలేయాలి.

రోడ్డు మధ్యలో ఆగిపోతే..

మాన్యువల్ కారును తోసి స్టార్ట్ చేయొచ్చు. తాళం ఆన్‌లో పెట్టి, రెండో గేర్ వేసి, క్లచ్ తొక్కి ఉంచాలి. కారు వేగం అందుకున్నాక క్లచ్ ఒక్కసారిగా వదలాలి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు బ్రేక్ గట్టిగా ఉంటుందని గుర్తుంచుకోవాలి, ట్రాఫిక్‌లోనూ వాలులోనూ ప్రయత్నించకూడదు. ఆటోమేటిక్ కార్లకు ఇది పనికిరాదు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఇంజెక్షన్ కార్లు తోసినా అందుకోవు, పెట్రోల్ పంపుకూ కంప్యూటర్‌కూ కరెంటు కావాలి.

వేరే కారు నుంచి జంప్ ఇస్తే వరుస ముఖ్యం. ఎర్ర కేబుల్ ముందు చార్జ్ లేని బ్యాటరీ పాజిటివ్‌కు, రెండో చివర మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల కేబుల్ మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, చివరి కొస ఆగిపోయిన కారు ఇంజిన్ లోహానికి. ఈ చివరి కొసను బ్యాటరీకి పెట్టకూడదు. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ వాయువుకు నిప్పురవ్వ తగిలితే పేలే ప్రమాదం ఉంది. తీసేటప్పుడు ఇదే వరుస వెనక నుంచి.

ఏ పద్ధతిలోనైనా సెల్ఫ్‌ను ఒకేసారి పది సెకన్లకు మించి కొట్టకూడదు. మధ్యలో ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. లేదంటే మోటార్ కాలిపోతుంది.

మళ్లీ ఈ తిప్పలు రాకూడదంటే?

బయట వేయించిన మ్యూజిక్ సిస్టమ్, అలారం, జీపీఎస్ లాంటివి కారు ఆపాక కూడా కరెంటు తాగుతుంటాయి. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్స్ అనుకుంటే, 0.05 ఆంపియర్ వాడకానికి అది ఖాళీ కావడానికి సుమారు 29 రోజులు పడుతుంది. వైరింగ్ లోపంతో అదే అర ఆంపియర్ అయితే మూడు రోజులు కూడా పట్టదు. శుక్రవారం పార్క్ చేసిన కారు సోమవారం కదలట్లేదంటే అనుమానించాల్సింది దీన్నే.

మన ఎండలు కూడా బ్యాటరీకి శత్రువే. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే వేసవిలో నెలకోసారి మూతలు తీసి మట్టం చూడాలి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, కుళాయి నీళ్లు వద్దు. మూడు నెలలకోసారి టెర్మినల్స్ శుభ్రం చేయించాలి. వాడని కారును వారానికోసారైనా అరగంట నడపాలి.

అన్నిటికంటే ముఖ్యం.. రోజూ తాళం తిప్పినప్పుడు ఆ శబ్దం వినడం. నిన్నటి కంటే ఇవాళ ఇంజిన్ కాస్త నీరసంగా తిరిగిందా, రెండోసారి తిప్పితే గానీ తీసుకోలేదా.. అదే మొదటి హెచ్చరిక. ఆ రోజే బానెట్ ఎత్తి పది నిమిషాలు చూస్తే, అర్ధరాత్రి అవసరంలో కారు చేయిచ్చే పరిస్థితి చాలావరకు రాదు.